మరిది కొన్న టీషర్టుల డబ్బు నా పేరున రాయమంటున్నారు

ప్రశ్న: న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వద్దన్నారు. పుట్టిల్లు గుంటూరు జిల్లా, వృత్తి అకౌంటింగ్, అమెరికా పౌరురాలు. ఈ ఏడాది అమెరికా ప్రతినిధుల సభకు పోటీ చేస్తున్న ఒక తెలుగు అభ్యర్థి "అక్కా, లెక్కలు నువ్వే చూడాలి" అంటే కాదనలేక ప్రచార కమిటీకి ట్రెజరర్‌గా సంతకం పెట్టారు. జీతం లేని పని.

ఉగాది తరవాతి శనివారం అక్కడి తెలుగు సంఘం వేడుకలో అభ్యర్థి పేరు వేసిన టీషర్టులు 25 డాలర్లకి, టోపీలు 20 డాలర్లకి అమ్మారు. వంద టీషర్టులు, ముప్ఫై టోపీలు పోయాయి. వచ్చింది 3,100 డాలర్లు. అందులో 1,900 జెల్‌లో (ఫోన్ నుంచి బ్యాంకు ఖాతాకి నేరుగా డబ్బు పంపే సదుపాయం) ఈవిడ సొంత ఖాతాకే పడ్డాయి, మిగతా 1,200 నగదు. నగదు ఇచ్చినవాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు. సరుకు అచ్చువేసి ఇచ్చింది భర్త తరఫు బాబాయి గారి ప్రింటింగ్ కంపెనీ. 200 టీషర్టులు, 50 టోపీలు. బిల్లు వేస్తే 2,650 డాలర్లు అవుతుంది కానీ "మనలో మనకి బిల్లేంటమ్మా, తరవాత చూద్దాంలే" అన్నారట. సంఘం వాళ్లు బల్ల కూడా ఊరికే ఇచ్చారు.

ఏప్రిల్ 15కి ఫెడరల్ ఎన్నికల కమిషన్‌కి రిపోర్టు వెయ్యాలి. ప్రచార మేనేజరేమో "అమ్మకం వ్యాపారం, విరాళం కాదు. అమ్ముడైన సరుకు ఖర్చు పోగా మిగిలిన 1,730 చూపిస్తే చాలు" అంటున్నారు. ఇంతలో ఇంకో చిక్కు. మరిది హెచ్-1బి వీసా మీద ఉన్నాడు. వదిన బల్ల దగ్గర నిలబడింది కదా అని పది టీషర్టులు కొని 250 డాలర్లు జెల్ చేశాడు. విజిటర్ వీసా మీద వచ్చిన అత్తగారు కూడా ముచ్చటపడి ఒక టోపీ కొన్నారు. ఇప్పుడు మరిది పేరు రిపోర్టులో కనబడితే గ్రీన్‌కార్డుకి అడ్డం వస్తుందని ఇంట్లో టెన్షన్. "ఆ 250 నీ పేరున రాసెయ్, ఎవడు చూస్తాడు? కమిషన్‌లో కోరమే లేకుండా పోయింది" అని భర్త. రాయకపోతే కుటుంబం కంటే ప్రచారమే ఎక్కువైందా అని మాట. "రాజీనామా చేసి ఊరుకోనా?" అని అడుగుతున్నారు.

జవాబు: ముందు ఒక మాట. మీ ఉత్తరంలో కనిపించిన పొరపాట్లన్నీ దిద్దుకోగలిగినవే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఇంకా జరగలేదు: మరిది డబ్బు మీ పేరున రాయడం. అది మాత్రం చెయ్యకండి. ఎందుకో చెప్తాను. అంతకుముందు మేనేజర్ గారి లెక్క సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతా చిక్కులన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయి.

షాపులో టీషర్టు కొంటే సరుకు, ప్రచార కమిటీ దగ్గర కొంటే విరాళం. అమెరికా ఫెడరల్ ఎన్నికల నిబంధన ఈ విషయంలో తిరకాసు లేకుండా ఉంది. నిధుల కోసం కమిటీ అమ్మే వస్తువుకి కొన్నవాళ్లు చెల్లించిన మొత్తం ధరా విరాళమే. లాభం ఒక్కటే కాదు. మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం గుర్తు తెచ్చుకోండి. మేనమామ 1,116 చదివిస్తే 1,116 అనే రాస్తారు. ఆయన తిన్న భోజనం ఖర్చు తీసేసి మిగిలింది రాయరు కదా. ఇదీ అంతే. 25 డాలర్ల టీషర్టు కొన్న మనిషి 25 డాలర్లు ఇచ్చినట్టే. ఆ టీషర్టుకి మీకైన 11 డాలర్లు వేరే చోట, కమిటీ నిర్వహణ ఖర్చుల్లో, బాబాయి గారి కంపెనీకి చెల్లింపుగా కనబడాలి. అకౌంటెంట్ కాబట్టి మీకు చేతులు దురదపెడతాయి, అమ్ముడైనవాటి ఖర్చు, మిగిలిన స్టాకు అని. ఇక్కడ ఆ గొడవ లేదు. మిగిలిన వంద టీషర్టులు గరాజ్‌లో ఉన్నా రిపోర్టుకి పట్టదు. వచ్చిన ప్రతి డాలరూ ఒక వైపు, పోయిన ప్రతి డాలరూ ఇంకో వైపు. 1,730 అని రాస్తే అది తప్పు రిపోర్టు. 'నాకు తెలిసినంతవరకూ ఇది నిజం, సంపూర్ణం' అని కింద సంతకం పెట్టేది మేనేజర్ కాదు, మీరు.

అమ్మకం విరాళం అయిందంటే విరాళానికి ఉన్న నియమాలన్నీ టీషర్టుకీ వచ్చి పడతాయి. ఒక అభ్యర్థికి ఒక మనిషి ఇవ్వదగిన గరిష్ఠం 2025-26లో ఒక్కో ఎన్నికకి 3,500 డాలర్లు. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ వేరు, నవంబరు ఎన్నిక వేరు. టీషర్టులతో అక్కడిదాకా ఎవరూ పోరు, దాన్ని వదిలేయండి. మీకు పనికొచ్చేవి చిన్న అంకెలు. ఒకేసారి 50 డాలర్లు దాటి ఇచ్చినవాళ్ల పేరు, చిరునామా, తేదీ మీ దగ్గర ఉండాలి. ఈ ఎన్నికల కాలంలో ఒకరు ఇచ్చింది మొత్తం కలిపి 200 డాలర్లు దాటితే వృత్తి, పనిచేసే సంస్థ కూడా రాసి రిపోర్టులో పేరుపేరునా చూపించాలి. 'మొత్తం కలిపి' అన్న మాట దగ్గర చాలామంది జారిపడతారు. జనవరిలో ఆన్‌లైన్‌లో 190 ఇచ్చిన డాక్టరు గారు ఉగాది వేడుకలో ఒక టీషర్టు కొంటే 215 అయింది, ఆయన పేరు రాయాల్సిందే. కాబట్టి జెల్ జాబితాని పాత దాతల జాబితాతో ఒకసారి పోల్చి చూడండి. ఎక్కడ పనిచేస్తున్నారని అడగడానికి మొహమాటపడకండి. పరిచయమైన రెండో నిమిషంలో మనవాళ్లు ఎలాగూ అడిగే ప్రశ్నే అది.

నగదు గురించి మీరు పడుతున్నంత భయం అక్కర్లేదు. జనం గుమిగూడిన చోట 50 డాలర్ల వరకూ ఇచ్చినవాళ్ల పేర్లు విడివిడిగా లేకపోయినా ఫలానా వేడుక, ఫలానా తేదీ, వచ్చిన మొత్తం ఇంత అని రాసిపెట్టుకుంటే ఒప్పుకుంటారు. ఒక టీషర్టు, లేదా రెండు కొన్నవాళ్లు ఆ లెక్కలో సరిపోతారు. మూడు, నాలుగు కొన్నవాళ్లే సమస్య. బల్ల దగ్గర మీతో నిలబడిన వలంటీర్లని కూర్చోబెట్టి, ఎవరు ఎక్కువ కొన్నారో గుర్తు చేసుకోండి, ఫోన్లు చేయండి. ఎవరిదో తేలని డబ్బులో మనిషికి 50కి మించింది ప్రచారం ఉంచుకోకూడదు, ఏ దేవాలయానికో, ఆస్పత్రికో ఇచ్చేయాలి. ఒకే మనిషి 100 డాలర్లకి మించి నోట్లు ఇచ్చి ఉంటే మించినంత వరకూ తిరిగి ఇవ్వాలి.

జెల్ సంగతి దీనికంటే కాస్త తీవ్రం. ప్రచారం డబ్బు ఎవరి సొంత డబ్బుతోనూ కలవకూడదని చట్టం. ట్రెజరర్ చేతికి వచ్చిన విరాళం పది రోజుల్లో కమిటీ బ్యాంకు ఖాతాలో పడాలి. మీ ఖాతాలో పడిన 1,900లో మరిది పంపిన 250 పక్కన పెట్టి, మిగతా 1,650 ఎవరెవరు ఎంత పంపారో జాబితాతో సహా వెంటనే కమిటీ ఖాతాకి మార్చండి. పది రోజులు దాటిపోయి ఉంటే ఆలస్యమైందని రిపోర్టులో రెండు వాక్యాలు రాయచ్చు, దానికి చోటు ఉంటుంది. బ్యాంకులో ఎప్పుడు పడినా డబ్బు అందిన తేదీ మాత్రం అమ్మిన రోజే. అంటే మార్చి 31తో ముగిసే ఈ రిపోర్టులోనే రావాలి, తరవాతి రిపోర్టుకి తోసేయడానికి లేదు.

ఇక మరిది.

పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేనివాళ్లు అమెరికాలో ఏ ఎన్నికకీ విరాళం ఇవ్వకూడదు. ప్రతినిధుల సభకే కాదు, రాష్ట్ర చట్టసభకీ, ఊళ్లో స్కూల్ బోర్డుకీ కూడా. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, విజిటర్ వీసా అన్నీ ఈ కోవలోకే వస్తాయి. పన్నులు కడుతున్నాడు, పదేళ్లుగా ఉంటున్నాడు అన్న వాదన పనికిరాదు. ఇందాక చెప్పిన నియమం ప్రకారం టీషర్టు కొనడమూ విరాళమే కాబట్టి ఆ 250, అత్తగారి 20 రెండూ తీసుకోకూడని డబ్బు. మన తెలుగు సంఘాల వేడుకల్లో సగం మంది వీసాల మీద ఉన్నవాళ్లే ఉంటారు. అక్కడ బల్ల పెట్టి అడక్కుండా అమ్మారంటే ఇంకా ఎందరు కొన్నారో! జెల్ జాబితాలో అనుమానం ఉన్న ప్రతి ఒక్కరినీ అడిగి తేల్చుకోండి. అనుమానం ఉన్న డబ్బు గురించి నిజం తెలుసుకోవడానికి 30 రోజుల వ్యవధి ఇస్తారు, ఈలోగా దాన్ని ఖర్చుపెట్టకూడదు. తేలకపోతే తిరిగి ఇచ్చేయాలి.

మరిది విషయంలో అనుమానం కూడా లేదు. వీసా ఏదో మీకు తెలుసు, చట్టం మాత్రం అప్పటికి తెలియదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి ఆలస్యం చేయకుండా ఇచ్చేయాలి. ఎలా ఇస్తారన్నది రోజుల మీద ఆధారపడి ఉంటుంది. అమ్మిన నాటి నుంచి పది రోజులు ఇంకా కాకపోతే, కమిటీ ఖాతాలో వేయకుండానే తిరిగి పంపి, ఎందుకు పంపారో ఒక కాగితం రాసి ఫైల్లో పెట్టుకోండి. ఖాతాలో పడని విరాళం రిపోర్టులో చూపించనక్కర్లేదు. మీ ఉత్తరం, నా జవాబు మధ్య ఆ గడువు దాటిపోయి ఉండొచ్చు. దాటితే కమిటీ ఖాతా ద్వారానే వచ్చినట్టూ, తిరిగి ఇచ్చినట్టూ రెండూ చూపించాలి. 200 దాటింది కాబట్టి పేరు వస్తుంది. ప్రతి కమిటీకీ కమిషన్‌లో ఒక విశ్లేషకుడిని కేటాయించి ఉంటారు. ఇది ఎక్కడ, ఎలా రాయాలో ఆయనకి ఫోన్ చేసి అడగడం నామర్దా కాదు.

పేరు కనబడటం గురించి మీ ఇంట్లో భయం నాకు అర్థమవుతుంది. గ్రీన్‌కార్డు వరసలో ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లకి చీమ చిటుక్కుమన్నా గుండె ఆగినంత పనవుతుంది. కానీ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో, తెలియక 250 ఇచ్చాడు, తెలిసిన వెంటనే తిరిగి ఇచ్చేశారు అని ఉంటుంది. రెండోదాంట్లో వదిన పేరున 250 ఉంటుంది. అదే రోజు మరిది ఖాతా నుంచి వదిన ఖాతాకి 250 జెల్ వెళ్లినట్టు బ్యాంకు దగ్గరా ఉంటుంది. ఏది ప్రమాదమో మీ మరిదినే చెప్పమనండి. అతను ఒక ఇమిగ్రేషన్ లాయర్‌తో అరగంట మాట్లాడుకోవడం మంచిది, ఆ సలహా నేను ఇవ్వదగింది కాదు.

ఒకరి డబ్బు ఇంకొకరి పేరున ఇవ్వడాన్ని ఫెడరల్ చట్టం విడిగా నేరం అంది. ఇచ్చినవాడిదీ తప్పే, తెలిసి పేరు అరువిచ్చినవాళ్లదీ తప్పే, తెలిసి తీసుకున్న కమిటీదీ తప్పే. మీవారు చెప్పినట్టు చేస్తే పేరు అరువిచ్చేది మీరే, తీసుకునేదీ మీరే. ఈ తప్పుకి మన భారతీయుల్లోనే పెద్దవాళ్లు కోర్టుకెక్కారు. న్యూయార్క్‌లో హోటళ్ల వ్యాపారి సంత్ సింగ్ చత్వాల్ 2014లో నేరం ఒప్పుకున్నారు. ముగ్గురు అభ్యర్థులకి ఇతరుల పేర్ల మీద 1,80,000 డాలర్లకి పైగా వెళ్లిన కేసు అది. 5 లక్షల డాలర్ల జరిమానా, మూడేళ్ల ప్రొబేషన్ (కోర్టు పర్యవేక్షణ) పడ్డాయి. అదే ఏడాది రచయిత, రాజకీయ వ్యాఖ్యాత దినేష్ డిసౌజా ఇలాగే 20,000 డాలర్ల దగ్గర దొరికి ఎనిమిది నెలలు రాత్రిళ్లు నిర్బంధ కేంద్రంలో గడిపారు. 2018లో ఆయనకి అధ్యక్షుడి క్షమాభిక్ష దొరికిందనుకోండి, ఆ అదృష్టం మీద లెక్కలు వేసుకోలేం. 250 డాలర్లకి ఎవరూ జైల్లో పెట్టరని మీవారు అంటారు. నిజమే కావచ్చు. కానీ ట్రెజరర్ తెలియక చేసిన పొరపాట్ల బాధ్యతని కమిషన్ సాధారణంగా కమిటీ మీదే వేస్తుంది, తెలిసి కావాలని చేసినవాటికి మాత్రం ట్రెజరర్‌నే సొంతంగా బాధ్యురాలిని చేస్తుంది. ఈ పని చేస్తే ఆ రక్షణ మీకు పోతుంది.

కోరం సంగతి కూడా చెప్పేస్తాను. ఆరుగురు కమిషనర్లు ఉండాల్సిన చోట, నిర్ణయాలకి కావలసిన కనీసం నలుగురు కూడా లేక 2025 మేలో కోరం పోయిన మాట నిజం. కోరం లేనప్పుడు జరిమానాలకి ఓట్లు పడవేమో గానీ రిపోర్టులు వేయడం ఒక్కరోజు ఆగలేదు, వేసిన రిపోర్టులు అందరూ చూసేలా వెబ్‌సైట్‌లో ఉంటూనే ఉన్నాయి. ఈ చట్టం కింద కేసు పెట్టడానికి ఐదేళ్ల గడువు ఉంది. ఈలోగా కమిషనర్లు రావచ్చు. ప్రత్యర్థి పార్టీ వాళ్లయితే కమిషనర్ల కోసం ఆగరు, రిపోర్టు పడిన సాయంత్రమే చదువుతారు.

ఇవన్నీ ఇంట్లో చెప్పేటప్పుడు 'నేను రాయను' అని మొదలుపెట్టకండి, ఆ మాట దగ్గరే గొడవ మొదలవుతుంది. 'మన చిన్నాణ్ని కాపాడే దారి ఇది' అని మొదలుపెట్టండి, అది అబద్ధం కాదు. ఇంకో మాట కూడా చెప్పండి. టీషర్టు వేసుకోవడానికి వీసా అడ్డం రాదు, ప్రచారం దగ్గర డబ్బిచ్చి కొనడానికే వస్తుంది. జీతం తీసుకోకుండా కరపత్రాలు పంచచ్చు, ఫోన్లు చేయచ్చు. కమిటీ డబ్బు ఎలా ఖర్చుపెట్టాలి లాంటి నిర్ణయాల్లో మాత్రం అతను కూర్చోకూడదు. మీరు మీ సొంత డబ్బుతో కొని అతనికీ, అత్తగారికీ కానుకగా ఇవ్వచ్చు. తరవాత వాళ్లు ఆ డబ్బు మీకు తిరిగి ఇవ్వకూడదు. పండక్కి చీర పెట్టినట్టు పెట్టండి.

బాబాయి గారి ఉదారం దగ్గర ఇంకొంచెం నేర్పు కావాలి. కంపెనీలు ఫెడరల్ అభ్యర్థులకి డబ్బు ఇవ్వకూడదు, సరుకు ఊరికే ఇవ్వకూడదు, అందరికీ ఇవ్వని తగ్గింపు ఇవ్వకూడదు. ఆయన కంపెనీ కార్పొరేషన్ అయితే 'తరవాత చూద్దాం' అన్నది ఎప్పటికీ చూడకపోతే నిషిద్ధ విరాళం. ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) అయితే పన్నుల దగ్గర దాన్ని ఎలా నమోదు చేశారన్నదాన్ని బట్టి మారుతుంది, అది ఆయన్నే అడగాలి. ఏదైనా సరే దారి సులువే: మామూలు ఖాతాదారుకి వేసే ధరకి బిల్లు తెప్పించుకోండి, కమిటీ ఖాతా నుంచి చెక్కు ఇవ్వండి. ఆయన మిగతా ఖాతాదారులకి నెల రోజుల అరువు ఇస్తుంటే మీకూ ఇవ్వచ్చు. కానీ 500 డాలర్లు దాటిన బాకీ కాబట్టి మార్చి 31 నాటికి చెల్లించకపోతే అప్పుల పట్టికలో 2,650 కనబడాలి. ఆయన నొచ్చుకుంటే, పౌరుడైతే, తన సొంత ఖాతా నుంచి 3,500 దాకా ప్రైమరీకి విరాళంగా రాయమనండి. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టు ఉంటుంది గానీ రెండూ వేర్వేరు చెక్కులు, వేర్వేరు ఖాతాలు. అలా చేస్తే రెండూ సక్రమమే. కమిటీ తరఫున మీరు ముందు ఆయనకి చెల్లించి తరవాత కమిటీ దగ్గర తీసుకుందామని మాత్రం అనుకోకండి. కమిటీ తిరిగి ఇచ్చేదాకా అది మీ విరాళం కింద లెక్క.

తెలుగు సంఘం బల్ల విషయం చిన్నదే. వేరే స్టాళ్లవాళ్లు ఎంత కట్టారో అంత కమిటీ చెక్కుతో కట్టేయండి. సంఘం పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థ అయితే ఒక అభ్యర్థికి ఊరికే చోటు ఇవ్వడం ముందు వాళ్లకే ప్రమాదం. ఈ మాట చెప్తే అధ్యక్షుడు గారు మీకు రసీదు ఇంటికి తెచ్చి ఇస్తారు.

రాజీనామా గురించి. చేయచ్చు, తప్పేం లేదు. అయితే దానివల్ల ఉగాది అమ్మకాలు మీ హయాంలో జరిగాయన్నది మారదు. ట్రెజరర్ లేని రోజు కమిటీ పైసా తీసుకోకూడదు, ఖర్చుపెట్టకూడదు. కొత్తవాళ్ల పేరు పది రోజుల్లో కమిషన్‌కి తెలపాలి. 15వ తేదీకి ముందే మీరు వెళ్లిపోతే మేనేజర్ చెప్పిన 1,730 రిపోర్టు మీద ఇంకెవరో సంతకం పెట్టే అవకాశం ఎక్కువ, అందులో మీ కుటుంబం పేర్లున్న లావాదేవీలు ఉంటాయి. ఉండాలనుకుంటే ఒక షరతు మీద ఉండండి: అభ్యర్థిని నేరుగా కూర్చోబెట్టి ఈ లెక్క చూపించి, ఆయన నోటితోనే మేనేజర్‌కి చెప్పించండి. అక్కా అని పిలిచిన మనిషి ఆ మాట చెప్పడానికి వెనకాడితే అప్పుడు రాజీనామా గురించి ఆలోచించండి. నాకైతే మధ్య దారి నచ్చుతుంది. ఈ రిపోర్టు సరిగ్గా వేసి, మరిది డబ్బు, బాబాయి గారి బిల్లు తేలాక, జులై 15 రిపోర్టుకి ముందు బంధువులు కాని ఒకరికి పుస్తకాలు అప్పజెప్పడం. ఇంట్లోనూ ఊపిరి ఆడుతుంది.

ఉంటే గనక తరవాతి వేడుకకి బల్ల మీద మీ జెల్ నంబరు పెట్టకండి. కమిటీ విరాళాల పేజీకి వెళ్లే క్యూఆర్ కోడ్ ఒకటి అంటించండి. పేరు, చిరునామా, వృత్తి, సంస్థ అక్కడే అడుగుతుంది, 'నేను పౌరుణ్ని లేదా గ్రీన్‌కార్డు ఉంది, ఇది నా సొంత డబ్బు, కంపెనీ కార్డు కాదు' అన్న గడుల్లో టిక్ పెట్టాకే ముందుకు పోనిస్తుంది. నగదు ఇచ్చేవాళ్లకి అవే ప్రశ్నలున్న చిన్న ఫారం ఒకటి, తెలుగులో అచ్చువేయించండి. బాబాయి గారి దగ్గరే వేయించచ్చు, బిల్లుతో.